గోడల వెలుపలి పాఠము

హైదరాబాదు పాతబస్తీలోని చంచల్‌గూడ జైలు 1876లో నెలకొన్నది. నేరము చేసినవానిని ఎత్తయిన గోడలనడుమ నుంచినచో బుద్ధి వచ్చునని ఆ కాలము నమ్మినది. పెద్దలమాట యెట్లున్నను, మీసమైనను రాని బాలునికి ఆ గోడలు బుద్ధి నేర్పునా, లేక ఆరితేరిన నేరగాండ్ర సాంగత్యమును కూర్చునా? చరిత్ర దీనికేమి సమాధానము చెప్పుచున్నదో పరికింతము.

బాలుని పెద్ద ఖైదీలనుండి వేరుచేయుట తొలిమెట్టు. బ్రిటిషు ఇండియాలో 1897 నాటి సంస్కరణ పాఠశాలల చట్టము, పదునైదేండ్లలోపు బాలురను జైలుకు మారుగా పాఠశాలకు పంపుటకు వీలు కల్పించినది. తెలుగు జిల్లాలు చేరియుండిన మదరాసు రాష్ట్రము 1920లో బాలల చట్టమును తెచ్చినది.

తలుపు తెరచుట రెండవమెట్టు. ఇంగ్లండులో 1930లో లెవలిన్ అను అధికారి, శిక్షపడిన కొందరు యువకులను ఫెల్తామునుండి లౌడ్‌హామువరకు కాలినడకను తీసికొనిపోయెను. అక్కడ తాముండబోవు కట్టడములను వారే కట్టుకొనిరి. మన మౌలాలీలోను 1954లో ఆరుబయలు జైలు వెలసినది. అది పెద్దలకొరకే యైనను, అందలి సూత్రమొక్కటే: నమ్మినచో మనిషి నిలబడును.

కొండయెక్కు బాలునికి వాన, ఎండ, ఆకలి పాఠములు చెప్పును. వాటిపై అలుగుట కుదరదు. త్రాటి రెండవకొనను పట్టుకొన్న తోడివానిని నమ్మక తప్పదు. దొంగయని పిలువబడినవాడు అందరి నీళ్లకుండను మోయువాడగును.

అయితే అడవి తనంతట దయగలది కాదు. అమెరికాలో 1990 దశకమున కొన్ని ప్రైవేటు శిబిరములలో కాఠిన్యమే శిక్షణయని భ్రమించుటవలన బాలురు ప్రాణములు గోల్పోయిరి. వైద్యుడు, తరిఫీదుపొందిన మార్గదర్శి, ప్రభుత్వ తనిఖీ లేని శిబిరము చెరసాలకంటె ప్రమాదకరము.

మన దేశమున నేడమలులోనున్న 2015 నాటి బాలల న్యాయచట్టము శిక్షకంటె పునరావాసమునకే ప్రాధాన్యమిచ్చుచున్నది. పాతబస్తీ ప్రక్కగా పారు మూసీ, వికారాబాదు చెంత అనంతగిరి కొండలలో పుట్టుచున్నది. ఇరుకుసందులలో పెరిగి త్రోవ తప్పిన బాలునికి ఆ నది పుట్టినచోటు చూపుట ఏమంత కష్టము? కొన్ని దినముల అడవియాత్రతోనే వాని బ్రతుకు మారిపోదు. తిరిగివచ్చిన పిదప బడియో, పనియో, పలుకరించు ఇల్లో లేనిచో నేర్చినదంతయు ఏటిపాలగును. ఆ బాధ్యత కొండలది కాదు, మనది.