సత్యభామ ప్రవేశ దరువు: పాట ఒక్కటే, అర్థాలు మారాయి

మన సంఘాల వార్షికోత్సవాల్లో కూచిపూడి అంశం ఉందంటే చాలావరకు సత్యభామ ప్రవేశ దరువు వినిపిస్తుంది. పాత్ర రంగం మీదికి వస్తూ తానెవరో చెప్పుకునే పాటను ప్రవేశ దరువు అంటారు. ఇది భామాకలాపం లోనిది. ఆ కలాపం సిద్ధేంద్ర యోగి రచన అని సంప్రదాయం. భామ ముందుగా తన పొడవాటి జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. ఆ తర్వాత తన అందం, పంతం, కృష్ణుడి దగ్గర తనకున్న చనువు చెప్పుకుంటుంది. ‘నేను భామను’ అనడమే పాటకు ప్రాణం. ఆ మాట అనేది ఎవరన్న దాన్నిబట్టి అర్థం మారుతూ వచ్చింది.

కృష్ణా జిల్లా కూచిపూడిలో దీన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవారే ఆడేవారు. ఆ ఊళ్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా భామ వేషం కట్టాలని పెద్దల మాట. వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012) గారికి ఆ వేషంతోనే పేరు వచ్చింది. సూత్రధారుడు కూడా భామ దగ్గర చెలికత్తె మాధవి, కృష్ణుడి దగ్గర చెలికాడు మాధవుడు. అక్కడ స్త్రీ వేషం పురుషుడి విద్యకు గీటురాయి.

యానాం చుట్టుపక్కల గోదావరి సీమలో కలావంతుల స్త్రీలూ భామాకలాపం ఆడారు. వారి నోట అది స్త్రీ స్వయంగా చెప్పుకున్న మాట. అయితే మగవాడు పాడితే భక్తి అన్న లోకమే, వీరు పాడితే తప్పు పట్టింది. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ పద్ధతిని నిషేధిస్తూ చట్టం చేసింది. వారి ఆటపాటలకు ఆదరణ పోయింది.

వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించారు. అక్కడ ఆడపిల్లలు ఎందరో నేర్చుకున్నారు. క్రమంగా భామ ఆడవారి పాత్ర అయింది. దాంతో ఒకప్పుడు విద్వత్తుగా చెల్లిన మగ భామ వేషం కొందరి కంటికి ‘ఆడంగి’ వేషంగా కనబడసాగింది. తమిళనాడులో తంజావూరు దగ్గరి మెలట్టూరు భాగవత మేళంలో మాత్రం తెలుగు నాటకాల్లో స్త్రీ పాత్రలు మగవారు వేసే ఆచారం నిలిచింది.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను మూడో జెండర్‌గా గుర్తించింది. తామెవరో తామే చెప్పుకునే హక్కు ఉందన్నది. ఆ తీర్పు తెలిసినవారికి ‘నేను భామను’ అన్న మాట మరోలా వినిపించవచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కూచిపూడి నటుడు రంగు కడిగాక ఇంటి యజమానే, కులంలో గౌరవం తగ్గదు. ట్రాన్స్ వ్యక్తికి అది వేషం కాదు, బతుకు. రెండూ ఒకటే అనలేం. అయినా ‘ఇలాంటివి మన సంస్కృతిలో లేవు’ అని ఈ పాటను ముందుపెట్టి ఎవరినీ తోసెయ్యలేం.

ఇది రాయడానికి కారణం ఉంది. ఒక ఏడు మా వేదిక మీద ఒక కుర్రవాడు భామ వేషం కట్టాడు. సభను నవ్వించాలని, పరిచయం చేస్తూ మేమే ఒక చవకబారు మాట అన్నాం. సభ నవ్వింది. అతను బాగా ఆడాడు, కానీ మళ్లీ మా గడప తొక్కలేదు. తప్పు మాదే. ఇకపై కార్యక్రమ పట్టికలో పేరు, అంశం, గురువు పేరు మాత్రమే చదువుతాం. మిగతా సంఘాలవారూ ఈ పద్ధతి పాటించాలని మనవి.