నల్లపట్టీల మర్మం

పాత చిత్రం డీవీడీ పెడితే పైనా క్రిందా నల్లపట్టీలు కనబడతాయి. బొమ్మను కోసివేశారని నేనూ చాలాకాలం భ్రమపడ్డాను. నిజం దీనికి విరుద్ధం.

ఇంటింటా టీవీ చేరి ప్రేక్షకులను ఆకర్షించుకొంటున్న కాలంలో, వారిని తిరిగి రప్పించడానికి 1953లో హాలీవుడ్ ‘ది రోబ్’తో సినిమాస్కోపును ప్రవేశపెట్టింది. కెమెరా కటకం విశాలదృశ్యాన్ని అడ్డంగా కుదించి ఫిల్ముపై నిలుపుతుంది. ప్రదర్శనశాలలో మరొక కటకం దానిని విప్పుతుంది. తెలుగున ఆ వైభవం 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో వచ్చింది.

విధి విచిత్రం! ఏ టీవీని ఎదిరించడానికి పుట్టిందో, వీడియో క్యాసెట్టు రూపంలో ఆ టీవీలోకే అది చేరవలసివచ్చింది. ఎత్తుకు 2.35 రెట్లు వెడల్పున్న బొమ్మ 1.33 రెట్ల తెరలో ఇమడదు. తెర నిండాలని ప్రక్కలు కోస్తే నూటికి నలభైపాళ్ళకు పైగా పోతుంది. ఆనాడు హాలులో చూసిన మన్యపు కొండలను అటువంటి క్యాసెట్టులో వెదకి నిరాశపడ్డాను. పద్యంలో రెండు పాదాలు తొలగించి తాత్పర్యం చెప్పుమన్నట్లుంది.

నల్లపట్టీలు ఆ కోతను నివారించాయి. 1980లలో లేజరు డిస్కులపై, పిదప డీవీడీలపై దర్శకుడు కూర్చిన దృశ్యం సమగ్రంగా నిలిచింది. నేటి 16:9 తెరపైన కూడా స్కోపు చిత్రానికి సన్నని పట్టీలు తప్పవు. వాటిని చూసి విసుగుకొని బొమ్మను సాగదీయకండి. అవి తాళపత్రానికి వదిలిన అంచులు. అక్షరం చెడకుండా కాచేవి అవే.