ముత్యాల రేవులో డాక్టరమ్మ

కువైట్ అనగానే మన రాయచోటి, రాజంపేట వైపు ముందుగా వచ్చే మాట దినారు మారకం రేటు. ఆ దినారు పుట్టింది 1961లో. అంతకుముందు అక్కడి బజారులో చెల్లింది మన రూపాయే. అదీ అందరి చేతుల్లో ఆడేది కాదు. నూరేళ్ళ కిందటి కువైట్ అంటే మట్టి గోడల ఇళ్ళు, ఇరుకు సందులు, ఉప్పునీళ్ళ బావులు. తాగేనీళ్ళు షత్తల్ అరబ్ నది నుంచి పడవల మీద రావాలి. వాటిని తోలుతిత్తుల్లో నింపి వీధుల్లో అమ్మేవాళ్ళు.

వేసవి నాలుగు నెలలు ఊళ్ళో మగవాళ్ళు చాలామంది ముత్యాల వేటకు పోయేవాళ్ళు. బయల్దేరే ముందే నావ నడిపే నఖుదా బయానా ఇచ్చేవాడు. ఆ ఏడు ముత్యాలు సరిగ్గా దొరక్కపోతే బయానా కాస్తా అప్పయ్యేది. అప్పు మరుసటి ఏటికి పాకేది, మనిషి పోతే కొడుకు మీద పడేది. ఏజెంటుకు లక్షలు పోసి వీసా తీసుకుని, మొదటి జీతాలన్నీ వడ్డీకే జమ చేసుకునే మనవాళ్ళకు ఈ లెక్క విడమరచి చెప్పనక్కర్లేదు. సముద్రంలో మునిగీ మునిగీ చెవి పొరలు చిట్లేవి, కళ్ళు చెడేవి. చూపించుకుందామంటే ఊళ్ళో ఆస్పత్రి లేదు.

1912 మొదట్లో ఈ ఊరికి ఒక అమెరికన్ జంట కాపురానికి వచ్చింది. భర్త ఎడ్విన్ కాల్వర్లీ పాదిరి. భార్య ఎలనార్ డాక్టరు. వీళ్ళను పంపింది అరేబియన్ మిషన్. శామ్యూల్ జ్వెమర్, జేమ్స్ కాంటీన్ అనే ఇద్దరు కుర్రవాళ్ళు తమ ప్రొఫెసర్ జాన్ లాన్సింగ్‌తో కలిసి 1889లో మొదలుపెట్టిన సంస్థ అది. అయిదేళ్ళకు దాన్ని అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చి తన కింద చేర్చుకుంది. కువైట్ పాలకుడు షేక్ ముబారక్ మొదట్లో ఈ మిషనరీలను దగ్గరకు రానివ్వలేదు. తన కూతురి కంటి జబ్బుకు మిషన్ డాక్టరు ఆర్థర్ బెన్నెట్ చేసిన వైద్యం చూశాకే ఆయన మనసు మారింది. సముద్రం ఒడ్డున ఆస్పత్రికి స్థలం కూడా దొరికింది.

ఎలనార్ 1908లో పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో పట్టా పుచ్చుకుంది. మనకు ఆ కళాశాల పరాయిదేం కాదు. ఆనందీబాయి జోషి చదివింది అక్కడే. గుంటూరులో ఇప్పటికీ జనం 'కుగ్లర్ ఆస్పత్రి' అని పిలుచుకునే ఆస్పత్రిని నిలబెట్టిన అన్నా కుగ్లరూ అక్కడి విద్యార్థినే. ఆవిడ గుంటూరు వచ్చింది 1883లో. మగ డాక్టరుకు చెయ్యి చూపించని ఆడవాళ్ళు గుంటూరు అగ్రహారంలోనూ ఉన్నారు, కువైట్ పరదాల వెనకా ఉన్నారు. అందుకే ఆ కళాశాలలో చదివిన ఆడపిల్లలకు అంత దూరాల్లో పని దొరికింది.

కువైట్‌కు తొలి వైద్యురాలు ఎలనారే. పని మొదలైంది మాత్రం ఆస్పత్రిలో కాదు, సొంత ఇంట్లో. నల్లటి అబాయాలు కప్పుకున్న ఆడవాళ్ళు ముందు వింత చూడటానికి వచ్చారు. ఆ తర్వాతే పిల్లల కళ్ళకలకలతో, జ్వరాలతో రావడం మొదలైంది. కాన్పుకు పిలవడం అన్నిటికన్నా ఆలస్యమైంది. మంత్రసానులు చెయ్యి దాటాకే, తల్లి ప్రాణం మీదికి వచ్చాకే కబురు వచ్చేది. ఆ రోజుల్లో గల్ఫ్ ప్రాంతంలో బాలింత గర్భద్వారంలో ఉప్పు కూరే ఆచారం ఉండేది. పచ్చి పుండు మాని గట్టిపడిపోయి, మరుసటి కాన్పుకు బిడ్డ బయటికి రాలేని స్థితి వచ్చేది. మంత్రసానుల ఉద్దేశం మంచిదే, ఫలితమే భయంకరం. ఆ ఉప్పుతో ఎలనార్ ఏళ్ళ తరబడి పోరాడింది. కువైట్ ఆడవాళ్ళు ఆవిడకు 'ఖాతూన్ హలీమా' అని పేరు పెట్టుకున్నారు. దంపతులకు ముగ్గురు ఆడపిల్లలు. వాళ్ళ బాల్యమూ అరబ్బు వాకిళ్ళలోనే గడిచింది.

మరి మతం? దాని కోసమే కదా వచ్చారు! మిషన్ ఆస్పత్రుల్లో ఒక రివాజు ఉండేది: చూపించుకోవడానికి వచ్చినవాళ్ళు కూర్చున్నప్పుడే బైబిలు చదివి, నాలుగు మాటలు చెప్పి, ప్రార్థన చెయ్యాలి. నాకిది కొంచెం ఇబ్బందిగానే అనిపిస్తుంది. నొప్పితో వచ్చినవాడు లేచి వెళ్ళిపోలేడు. ఎడ్విన్ బైబిలు దుకాణం నడిపాడు, కుర్రాళ్ళకు ఇంగ్లీషు చెప్పాడు, సాయంత్రాలు దివానియాల్లో, అంటే మగవాళ్ళు కూడే చావిళ్ళలో, కూర్చుని ఊరి పెద్దలతో గంటల తరబడి వాదించాడు. రక్షణలోకి వచ్చినవాళ్ళు ఎందరని లెక్కేస్తే చేతివేళ్ళు మిగిలిపోతాయి.

కానీ ఈ వాదనల్లో ఎడ్విన్‌కు మాత్రం ఒక పని జరిగింది. పదకొండో శతాబ్దపు ఇస్లాం పండితుడు గజాలీ నమాజు మీద రాసిన భాగాన్ని అరబీ నుంచి ఇంగ్లీషులోకి తెచ్చి, వ్యాఖ్యానం రాశాడు. ఆ పుస్తకం 1925లో మన మద్రాసులో అచ్చయింది. పొరుగువాడి ప్రార్థన మార్చాలని వచ్చిన మనిషి, ముందు ఆ ప్రార్థనను అక్షరం అక్షరం చదవాల్సి వచ్చింది. ఈ కుటుంబం చేసిన పనులన్నిటిలో నాకు నచ్చింది ఇదే. తర్వాత ఆయన అమెరికా వెళ్ళి హార్ట్‌ఫర్డ్‌లో ప్రొఫెసరు అయ్యాడు. ఎలనార్ 1958లో తన అరేబియా రోజుల గురించి పుస్తకం రాసింది.

కాల్వర్లీలు ఒంటరిగా లేరు. డాక్టర్ స్టాన్లీ మైల్‌రియా, ఆయన భార్య బెస్సీ వాళ్ళ తోడు. 1914లో మగవాళ్ళ ఆస్పత్రి లేచింది. మట్టి ఇళ్ళ ఊళ్ళో ఇనుము, కాంక్రీటు వాడి కట్టిన భవనమది. 1919లో ఆడవాళ్ళకు వేరే ఆస్పత్రి వచ్చింది. మరుసటి ఏడు అక్టోబరులో జహ్రా యుద్ధం జరిగింది. నడి అరేబియాలోని నజ్ద్ నుంచి వచ్చిన ఇఖ్వాన్ అనే సేన జహ్రాలోని ఎర్రకోట మీద పడింది. గాయపడ్డ కువైటీలు వంద మందికి పైగా మైల్‌రియా ఆస్పత్రికి చేరారు. మందుల పెట్టెలు మోసుకొచ్చిన విదేశీయులుగా కాక, ఊరి కష్టంలో పక్కన నిలబడ్డవాళ్ళుగా కువైట్ చరిత్రకారులు నేటికీ ఆ డాక్టర్లను తలుచుకునేది ఈ యుద్ధం వల్లనే.

1938లో బుర్గాన్‌లో చమురు పడింది, 1946లో ఎగుమతి మొదలైంది. జపాన్ పెంపుడు ముత్యాల దెబ్బకు వేట అప్పటికే కుదేలైపోయింది. ప్రభుత్వమే ఉచితంగా వైద్యం చేసే రోజులొచ్చాక మిషన్ ఆస్పత్రికి పనిలేకపోయింది, 1967లో మూతపడింది. చివరి దశాబ్దాల్లో దాన్ని నడిపించింది డాక్టర్ లూయిస్ స్కడ్డర్, నర్సుగా ఆయన భార్య డొరతీ. ఆస్పత్రి మూసేశాక కూడా వాళ్ళు కువైట్ వదల్లేదు.

స్కడ్డర్ అన్న ఇంటిపేరు మనకు దగ్గరిది. వెల్లూరు ఆస్పత్రి పెట్టిన ఐడా స్కడ్డర్ వంశమే అది. స్కడ్డర్లు 1853లో మొదలుపెట్టిన ఆర్కాట్ మిషన్ కూడా ఈ రిఫార్మ్‌డ్ చర్చిదే. ఆ మిషన్ తరఫున 1863లో మదనపల్లెలో మకాం వేసినవాడు జేకబ్ ఛాంబర్లేన్. తెలుగు బైబిలు సవరణలో పెద్ద చెయ్యి ఆయనది. మదనపల్లెలోని మేరీ లాట్ లైల్స్ ఆస్పత్రీ ఆ మిషన్‌దే. అంటే ఒకే చర్చి చందా డబ్బుతో మదనపల్లెలోనూ మందిచ్చారు, కువైట్‌లోనూ మందిచ్చారు. నూరేళ్ళు గడిచాక మదనపల్లె, రాయచోటి చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్ళు కద్దామా (ఇంటిపని) వీసా మీద కువైట్ ఇళ్ళల్లో పనికి బయల్దేరారు.

ఆస్పత్రి పక్కనే 1931లో మిషన్ ఒక గుడి కట్టింది. అప్పట్లో అందులో కూర్చున్నది మిషనరీలు, టర్కీ, ఇరాక్‌ల నుంచి వచ్చి స్థిరపడ్డ కొన్ని క్రైస్తవ కుటుంబాలు. ఆ కుటుంబాల పిల్లల్లోంచే 1999లో అమాన్యుయేల్ గరీబ్ అభిషేకం పొంది తొలి కువైటీ పాదిరి అయ్యారు. పౌరసత్వమున్న క్రైస్తవులు అక్కడ రెండు మూడు వందలకు మించరు. అయినా కిబ్లా పేటలోని ఆ ప్రాంగణం వారాంతం వస్తే కిటకిటలాడుతుంది. మలయాళం, తమిళం, తెలుగు, అరబీ, కొరియన్, ఇంగ్లీషు… డెబ్భై ఎనభై సంఘాలు గదులూ గంటలూ పంచుకుని కూడుకుంటాయి. కువైట్‌లో కొత్త గుడికి అనుమతి దొరకడం కష్టం కనక ఉన్న చోటే అందరూ సర్దుకోవాలి. ఒక సంఘం సాక్ష్యాలు ముగియకముందే తర్వాతి సంఘం చెప్పులు విప్పి తలుపు దగ్గర నిలబడుతుంది.

అక్కడికి రాగలిగినవాళ్ళు అదృష్టవంతులు. ఇంటిపని వాళ్ళకు వారానికో రోజు సెలవు ఇవ్వాలని 2015లో కువైట్ చట్టం చేసింది. కాగితం మీది సెలవు ప్రతి ఇంటి గడపా దాటదు. మామా, అంటే ఇంటి యజమానురాలు, పంపకపోతే గుడి లేదు, కూడిక లేదు. రాత్రి పని అయ్యాక దుప్పట్లో ఫోన్ పెట్టుకుని వినే ప్రార్థనే సహవాసం. డాక్టర్ ఎలనార్ పరదాల వెనక చూసిన ఇళ్ళల్లో ఆడవాళ్ళు బయటికి రాలేక డాక్టరు కోసం కబురు పెట్టేవాళ్ళు. ఇప్పటి ఇళ్ళల్లో కడప జిల్లా ఆడమనిషి పిలిస్తే పాదిరిగారు లోపలికి రాలేరు.

పాత ఆస్పత్రి భవనాన్ని ప్రభుత్వం బాగుచేయించి 2011లో 'అమెరికానీ' పేరుతో సాంస్కృతిక కేంద్రంగా తెరిచింది. ఆ పేరు కొత్తగా పెట్టింది కాదు. ముత్యాల కాలం నుంచీ కువైటీలు ఆ ఆస్పత్రిని పిలుస్తున్నది అలాగే.