వెబ్‌పుట వేషమును నిర్ణయించునది ఎవరు?

క్రొత్తగా బట్టల దుకాణము పెట్టినవాడు పేరుపలకకు ఏ రంగు వేయించవలెనో, అక్షరములు ఎంత పెద్దవిగా వ్రాయించవలెనో తానే నిర్ణయించుకొనును. వీధిన పోవువారందరికి ఆ పలక ఒకే విధముగ కనబడును. ఆ దుకాణమునకే వెబ్‌సైటు పెట్టదలచినచో సంగతి వేరు. వెబ్‌పుట చూచువాని యంత్రములో, వాని తెర కొలతను బట్టి, వాని బ్రౌజరు చేతిలో రూపు దిద్దుకొనును. కావున ఆ రూపము ఎవరి ఇష్టప్రకారము ఉండవలెనను తగవు వెబ్‌తోపాటే పుట్టినది.

జెనీవా సమీపముననున్న సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్-లీ 1990లో మొదటి బ్రౌజరును వ్రాసెను. అచటి శాస్త్రజ్ఞులకు కావలసినది అలంకారము కాదు; ఒకరి వ్యాసమును వేరొకరు తమ యంత్రముపై చదువగలుగుట. యంత్రములు నానావిధములు. కొన్నిటి తెరలపై అక్షరములు తప్ప బొమ్మలు కనబడవు. అందుచేత ఆయన కల్పించిన హెచ్‌టీఎంఎల్ అను గుర్తుల భాష ‘ఇది శీర్షిక’, ‘ఇది పేరా’, ‘ఇది జాబితా’ అని మాత్రమే చెప్పును. శీర్షిక ఎంత లావుగ ఉండవలెనో చెప్పదు. అది బ్రౌజరు పని. నాటకకర్త సంభాషణలు వ్రాసి యిచ్చి వేషముల సంగతి ఆడువారికే వదలినట్లన్నమాట.

1993లో ఇలినాయ్ విశ్వవిద్యాలయమున మార్క్ ఆండ్రీసన్, ఎరిక్ బీనా తయారుచేసిన మొజాయిక్ బ్రౌజరు అక్షరముల నడుమ బొమ్మలను చూపెను. అంతట వర్తకుల కన్ను వెబ్‌పై పడెను. మరుసటి సంవత్సరము వచ్చిన నెట్‌స్కేప్ వారు పుటను నడిమికి జరుపు గుర్తును, మిణుకు మిణుకుమను అక్షరముల గుర్తును చేర్చిరి. (ఈ మిణుకులు చదువరులను విసిగించినంతగా మరేదియు విసిగించలేదనవచ్చును.) అంకెల కొరకు ఏర్పడిన పట్టికలతో పుటను గళ్లుగా కోసి, కంటికి కనబడని చుక్కంత బొమ్మను సాగదీసి ఖాళీలు నింపుట 1996 నాటికి గొప్ప విద్య అయినది. కాని నూరు పుటల దుకాణము శీర్షికల రంగు మార్చవలెనన్న నూరు పుటలను దిద్దవలెను. చూపులేనివారికి పుటను చదివి వినిపించు యంత్రమో, గళ్ల వరుసలో చిక్కుకొని, మాటలను తారుమారుగ వినిపించెడిది.

ఈ చిక్కును విప్పినవాడు నార్వే దేశస్థుడైన హోకన్ వియుమ్ లీ. ఆయన కూడ సెర్న్‌లోనే పనిచేయుచు, 1994 అక్టోబరు 10వ తేదీన ఒక ప్రతిపాదన వెలువరించెను. విషయము ఒకచోట, వేషము వేరొకచోట వ్రాయవలెనన్నది అందలి ప్రధానాంశము. అప్పుడు ఒక్క పంక్తి దిద్దిన నూరు పుటలును మారును. అంతకంటె ముచ్చటైన సంగతి మరొకటి కలదు. ప్రతి నియమము ప్రక్కన ఒక శాతమును వ్రాసి, ఆ విషయములో ప్రచురించినవాని మాట ఎంతవరకు చెల్లునో, చదువరి మాట ఎంతవరకు చెల్లునో తూచవచ్చునని ఆయన సూచించెను. ఈ శాతములు నిలువలేదు గాని, ఇరువురి ఇష్టములును ఒక వరుసలో కలిసి దిగిరావలెనను భావము నిలిచినది. బెర్ట్ బాస్ తోడ్పాటుతో అది సీఎస్‌ఎస్ అను పేర 1996 డిసెంబరు 17న ప్రమాణమైనది. అందు ‘ముఖ్యము’ అని గుర్తుపెట్టిన నియమములు ఇరువైపుల ఎదురుపడినచో ప్రచురించినవానిదే గెలుపు. 1998లో వచ్చిన రెండవ ప్రమాణము దీనిని తిరుగవేసి, చదువరినే గెలిపించెను. మందదృష్టి గలవాడు పెద్ద అక్షరములే కావలెనన్నచో, దుకాణదారుని సొగసు అడ్డు రాకూడదు గదా!

రంగుల విషయములో ఆనాటి ఇబ్బంది వేరు. అనేక యంత్రములు ఒకేమారు 256 రంగులను మాత్రమే చూపగలిగెడివి. ఎరుపు, ఆకుపచ్చ, నీలములను ఒక్కొక్కదానిని ఆరేసి మెట్లుగ విభజించి కలిపినచో 6×6×6, అనగా 216 రంగులు వచ్చును. ఎల్లెడల చెదరక కనబడునవి ఇవియేనని చిత్రకారులు వీటితోనే సరిపెట్టుకొనిరి.

విషయమును, వేషమును వేరుచేయుటవలని లాభము కన్నులకు కట్టినట్లు చూపినది 2003లో డేవ్ షే ప్రారంభించిన ‘సీఎస్‌ఎస్ జెన్ గార్డెన్’. మాటలు అవే, గుర్తులు అవే; వేషపు నియమములు మాత్రము ఒక్కొక్క కళాకారుడు ఒక్కొక్క తీరున పంపెను. ఒకే పుట ఒకమారు తోటవలె, ఒకమారు గోడపత్రికవలె కనబడెను. చేతి ఫోనుల తెరలు వచ్చిన పిమ్మట, 2010లో ఈథన్ మార్కాట్ తెర వెడల్పును బట్టి తానే సర్దుకొను పుటను వివరించెను.

రంగులు చాలునా చాలవా అనునది నేడు అభిరుచికి వదలిన సంగతి కాదు. 2008 నాటి ప్రమాణము ప్రకారము సామాన్యమైన అక్షరములకును వెనుకనున్న రంగునకును కాంతి నిష్పత్తి కనీసము 4.5:1 ఉండవలెను. తెల్లనిదానిపై నల్లని అక్షరములకు అది 21:1. తెల్లని పుటపై లేత బూడిద అక్షరములు నాజూకుగ కనబడవచ్చును గాని, ఈ లెక్కలో తప్పిపోవును.

తెలుగు దుకాణదారునకు మరియొక లెక్క కలదు. 1991లోనే యూనికోడ్ ప్రమాణమున తెలుగు చేరినను, చాలకాలము ఒక్కొక్క పత్రిక తన సొంత ఫాంటునే వాడెను. అది లేని యంత్రములో అర్థము లేని గుర్తులు కనబడెడివి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చి ఆ బాధ కొంత తీర్చెను. అయినను ఇంగ్లీషు పుటల కొలతలను యథాతథముగ తెచ్చిపెట్టినచో, ‘రాష్ట్రము’ అను మాటలోని ఒత్తులు క్రింది పంక్తిలోని గుడిదీర్ఘములతో ఢీకొనును. ఇంగ్లీషు అక్షరములకు అంతటి దిగుదల లేదు. తెలుగు పుటలో పంక్తుల నడిమి ఎడమును పెంచి, ఆ తరువాతనే తక్కిన అలంకారముల మాట చూడవలెను.