గేజ్ మార్పు

ఆ మంట్ల ఇంకో రెండు కట్టెలెయ్యి బిడ్డా. మీ కంపెనీల పాత సిస్టం తీసేసి కొత్త ప్లాట్‌ఫాం మీద కడుతున్నరని నెల దినాల సంది నిద్ర లేదంటివి గద. ఇను మరి.

మన బొల్లారం మీదికెళ్ళి అప్పుడు మీటర్ గేజ్ బండ్లే. బొంబాయి పోవాల్నంటే మన్మాడ్ల దిగి, పెట్టె నెత్తిన వెట్టుకొని పెద్ద బండెక్కాలె. పట్టాలు మార్చినప్పుడు బండ్లు బందువెట్టి మార్చిన్రు. టికెట్ల లెక్క అట్ల బందువెడ్తే జనం ఊకుంటరా?

నేను సికింద్రాబాద్ రిజర్వేషన్ కౌంటర్ల కూసున్న నాడు బండికో పుస్తకం, తారీఖుకో పేజీ. ఆ పుస్తకం ఏ కిటికీల ఉంటే ఆ లైన్లనే నిలబడాలె. పక్క కిటికీ ఖాళీగున్నా ఫాయిదా లేదు. మీరు లాక్ అంటరు సూడు, అదే. వాపసు టికెట్‌కు తార్ కొట్టి జవాబు కోసం కండ్లు కాయలు కాసేటట్టు సూడాలె.

1986ల ఢిల్లీల కంప్యూటరొచ్చింది. వ్యాక్స్ మిషన్లు, ఫోర్‌ట్రాన్ల రాసిన ఇంప్రెస్ అనే ప్రోగ్రాం. తర్వాత బొంబాయి, కలకత్తా, మద్రాసు, మన సికింద్రాబాద్. గని ఏ ఊరి లెక్క ఆ ఊరిదే! అప్పుడు రైల్వే కంప్యూటర్ల సంస్థ క్రిస్ వాళ్లు మొత్తం మళ్ల సీ భాషల రాసిన్రు. పేరు కాన్సర్ట్. అది మొదాలు నడిచింది యాడనో ఎరుకేనా? ఢిల్లీల గాదు, మన సికింద్రాబాద్ల. నవ్వకు, ఆ ముచ్చట జెప్తే నాకిప్పటికీ ఛాతీ ఉబ్బుతది. 1999 ఏప్రిల్ల ఐదూర్లు ఒక్కటైనయి. హౌరాల ఎక్కి ఢిల్లీల దిగేటోనికి గూడ మా కిటికీలనే టికెట్ కొట్టిచ్చినం.

2002 ఆగస్టుల ఐఆర్‌సీటీసీ వెబ్‌సైటొచ్చింది. ఇంట్ల కూసొని బుక్ జేస్తే టికెట్ కొరియర్ల వచ్చేది. జనం పెరిగిన్రు, తత్కాల్ యాళ్లకు సైటు చక్కర్లు కొట్టుడే. 2014 ఏప్రిల్ 28 నాడు కొత్త సిస్టం దించిన్రు. నిమిషానికి 2,000 టికెట్లు కొట్టేది 7,200 దాకా పోతదన్నరు. అయితే బెర్తుల లెక్క ముట్టలే, అది ఎన్కాల పాత కాన్సర్ట్‌లనే ఉండె. దుకాణం కొత్తది, గోదాం పాతది. నన్నడిగితే అదే తెలివైన పని. రెండూ ఒక్కపారి ఇప్పేటోళ్లకే నీ లెక్క నిద్ర పోతది.

టైమెంత? పదకొండున్నరనా? పావుతక్కువ పన్నెండుకు రైలు బుకింగ్ బందైతది, మళ్ల పన్నెండు ఇరవైకే తెరుస్తరు. మీ నాయనమ్మ తిరుపతి టికెట్ ఇప్పుడే కొట్టు.