ఆ మూడు రాత్రుల గవాహీ

పాడినవాడికే నచ్చని రికార్డును విన్నవాళ్లు నెత్తిన పెట్టుకుంటే ఎవరి ఫైసలా చెల్లాలి? రాక్ సంగీతం తారీఖులో ఈ బహస్ యాభై ఏళ్లు దాటినా ఆగలేదు. డీప్ పర్పుల్ అనే ఇంగ్లిష్ బ్యాండు ‘మేడ్ ఇన్ జపాన్’ గురించి ఆ బహస్.

ఖవ్వాలీ వినే ఇళ్లల్లో లైవ్ రికార్డు అంటే ఏమిటో విడమర్చి చెప్పనక్కర లేదు. స్టూడియోలో పాడేవాడు తప్పు పోతే మళ్లీ పాడతాడు, బాగున్నది ఉంచుకుంటాడు. మెహఫిల్‌లో ఆ వీలు లేదు. కానీ అక్కడ వాహ్వా ఉంది, దాద్ ఉంది. ఎదురుగా కూర్చున్న జనం పాటను ఎటో తీసుకుపోతారు. నేను ఈ రాక్ రికార్డు దగ్గరికి వెళ్లింది కూడా ఆ చెవులతోనే.

1972 మార్చిలో ‘మెషీన్ హెడ్’ వచ్చేసరికి డీప్ పర్పుల్ మంచి ఊపులో ఉంది. గిటార్ రిచీ బ్లాక్‌మోర్, గొంతు ఇయన్ గిల్లన్, ఆర్గన్ జాన్ లార్డ్, బేస్ రోజర్ గ్లోవర్, డ్రమ్స్ ఇయన్ పేస్. ఆగస్టులో జపాన్ ప్రయాణం పెట్టుకున్నారు. అక్కడి రికార్డు కంపెనీ లైవ్ ఆల్బమ్ చేద్దామని అడిగింది. వీళ్లకు పెద్ద షౌఖ్ లేదు. అందుకే షరతులు పెట్టారు. తమ ఇంజనీరు మార్టిన్ బర్చే రికార్డు చేయాలి, టేపులు తాము విన్న తర్వాతే విడుదల సంగతి. ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకాలో, 17న టోక్యో బుడోకాన్‌లో పాడారు. ఎనిమిది ట్రాకుల టేపు మీద పట్టారు. మొత్తం ఖర్చు 3,000 డాలర్ల దగ్గర అయిందని చెబుతారు. టేపులు కలిపి సరిచేసేటప్పుడు గ్లోవర్, పేస్ తప్ప మిగతావాళ్లు అటు తిరిగి చూడలేదనీ అంటారు.

అదే ఏడు డిసెంబరులో ఇంగ్లండులో వచ్చింది. అమెరికాలో 1973 ఏప్రిల్ దాకా ఆగింది. రెండు ఎల్పీలు, ఏడు పాటలు. కంపెనీ కోరితే చేసిన పని కాస్తా ఆ బ్యాండు పేరు చెప్పగానే ముందు గుర్తొచ్చే రికార్డు అయి కూర్చుంది.

దీవానాల్లో మొదటి తగాదా పొడుగు గురించి. ‘స్పేస్ ట్రకిన్’ స్టూడియోలో నాలుగున్నర నిమిషాలు. ఇక్కడ దాదాపు 20 నిమిషాలు, ఎల్పీలో ఒక వైపంతా అదే. ‘ది మ్యూల్’లో ఎక్కువ భాగం పేస్ డ్రమ్స్ ఒక్కటే. సగంమంది దాన్ని దాటేసి ముందుకు పోతారు. మిగతా సగం దానికోసమే వింటారు. నేను రెండో జమాత్‌లో మనిషిని. ఒక్క షేర్‌ను పట్టుకుని ఖవ్వాల్ పావుగంట తిప్పుతుంటే విసుగు రానివాళ్లకు ఇక్కడా రాదు. ‘స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ ఉమన్’లో గిటార్ ఒక మాట అంటుంది, గిల్లన్ గొంతు దాన్నే తిప్పి అప్పజెబుతుంది. మన సవాల్-జవాబ్ ముకాబలా తెలిసినవాళ్లకు ఆ మజా వెంటనే పట్టుబడుతుంది.

రెండో తగాదా అసల్, నకల్ గురించి. ఏడు పాటల్లో నాలుగు 16వ తేదీవి, రెండు టోక్యోవి. ‘స్మోక్ ఆన్ ద వాటర్’ ఒక్కటే 15 నాటిది. మొదలుపెట్టే గిటార్ వరసను బ్లాక్‌మోర్ ఆ రాత్రే సరిగ్గా వాయించాడని, అందుకే దాన్ని ఎంచుకున్నారని అంటారు. అంటే ఆల్బమ్‌లో మనం వినే కచేరీ ఈ వరసలో ఏ ఊళ్లోనూ, ఏ రాత్రీ జరగలేదు. ఇది ధోకా కాదా అని కొందరి శికాయత్.

నా రాయ్‌లో కాదు. ఏరుకోవడం వేరు, అతికించడం వేరు. 1978లో థిన్ లిజీ బ్యాండు ‘లైవ్ అండ్ డేంజరస్’ వేసింది. అందులో చాలా భాగం తర్వాత స్టూడియోలో మళ్లీ పాడి, వాయించి కలిపిందేనని దాని నిర్మాత టోనీ విస్కోంటీయే చెప్పాడు. బ్యాండువాళ్లు కాదు, ఎక్కువ భాగం స్టేజీ మీదిదే అన్నారు. ఎవరి మాట సచ్చో ఇప్పటికీ తేలలేదు. ఆ రికార్డును ప్రేమించేవాళ్లు దాన్ని వదల్లేదు గానీ, వింటున్నప్పుడు చెవిలో ఒక షక్ మాత్రం మిగిలిపోయింది.

‘మేడ్ ఇన్ జపాన్’కు ఆ గతి పట్టలేదు. 1993లో మూడు రాత్రుల్లో చాలా భాగం మూడు సీడీల మీద వచ్చింది. 2014లో మూడు కచేరీలూ బయటికొచ్చాయి. అప్పటిదాకా వింటూ వచ్చిన అభిమానులు ముఅర్రిఖ్‌లు అయ్యారు. ఒకే పాటను మూడు రాత్రులూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ గొంతు తడబడింది, ఎక్కడ గిటార్ దారి మార్చింది అని తూకం వేయడం మొదలైంది. బ్యాండుకు మాత్రం టోక్యో రాత్రే అన్నిటికంటే నచ్చింది. రికార్డుకెక్కింది ఎక్కువగా ఒసాకా. దీని మీదా బహస్ ఉంది. ఈ బహస్‌లో ఎవరికీ షక్ లేదు, ఎందుకంటే గవాహీ అందరి చేతిలో ఉంది. ఐబ్‌లు కూడా దాచకుండా ఉన్నాయి.

ఇక గిల్లన్ సంగతి. ఆ ఆల్బమ్‌లో తన పాట తనకు తృప్తినివ్వలేదని చెప్పుకున్నాడు. 1973 జూన్ 29న, అదే ఒసాకాలో ఆఖరి కచేరీ పాడి, గ్లోవర్‌తో పాటు బ్యాండు వదిలేశాడు. 1984లో ఆ ఐదుగురూ మళ్లీ కలిశారు. ‘చైల్డ్ ఇన్ టైమ్’లో ఆయన గొంతు ఎక్కడికి ఎక్కుతుందో విన్నవాళ్లు మాత్రం ఆయన మాట నమ్మరు.

ఫన్‌కార్ తన ఐబ్‌ను వింటాడు, ఎందుకంటే తను ఏం పాడాలనుకున్నాడో తనకు తెలుసు. వినేవాడికి అది తెలియదు, వాడి చెవికి చేరింది మాత్రమే తెలుసు. ఇద్దరిదీ సచ్చే. కాకపోతే పాడినవాడి హక్ పాట పాడేదాకా. తర్వాత అది విన్నవాళ్ల అమానత్. గిల్లన్‌కు నచ్చనంత మాత్రాన ఆ మూడు రాత్రులు తక్కువ కావు. ఆయన ఆ తప్పులను దిద్దకుండా వదిలేసినందుకే మనం ఆయన మాటను ఆయన గొంతుతోనే సరిపోల్చుకోగలుగుతున్నాం.