శివరావు సేకరించిన కాగితాలు: జిడ్డు కృష్ణమూర్తి బాల్య చరిత్రకు ఆధారాలు

పరిచయం

ఒక ఆధ్యాత్మిక గురువు జీవిత చరిత్ర చదివేటప్పుడు, అందులోని సంగతులు రచయితకు ఎలా తెలిశాయని మీరు ఎప్పుడైనా ఆలోచించారా? పుస్తకం వెలువడకముందు ఎవరో ఒకరు ఉత్తరాలు, దినచర్యలు, కోర్టు కాగితాలు వెతికి పోగుచేసి ఉంటారు. ఆ సేకరణ ఎలా జరిగిందో తెలిస్తేనే పుస్తకాన్ని ఎంతవరకు నమ్మవచ్చో మనం తేల్చుకోగలం. ఇందుకు ఉదాహరణగా తెలుగువాడైన జిడ్డు కృష్ణమూర్తి జీవిత చరిత్రను ఈ పాఠంలో పరిశీలిద్దాం.

సేకరించినది ఒకరు, రాసినది మరొకరు

బెనగళ్ శివరావు పేరుపొందిన పాత్రికేయుడు. 'ది హిందూ', 'మాంచెస్టర్ గార్డియన్' పత్రికలకు విలేఖరిగా పనిచేశారు. రాజ్యాంగ సభలో సభ్యులు. రాజ్యాంగ రచనకు సంబంధించిన పత్రాలను 1960 దశకంలో సంపుటాలుగా వెలువరించిన సంపాదకులు కూడా ఆయనే. దివ్యజ్ఞాన సమాజంతోను, కృష్ణమూర్తితోను ఆయనకు ఏళ్ల తరబడి పరిచయం ఉంది. కృష్ణమూర్తి తొలినాళ్ల చరిత్ర రాయాలని మద్రాసు అడయార్‌లోని సమాజ పత్రాగారం నుండి ఆయన ఆధారాలు సేకరించారు. అయితే అనారోగ్యం వల్ల పుస్తకం రాయలేకపోయారు. తాను సేకరించినదంతా మేరీ లుట్యెన్స్‌కు అందజేశారు. చిన్ననాటి నుండి కృష్ణమూర్తిని ఎరిగిన ఆమె, ఆ కాగితాలకు తన కుటుంబం వద్ద ఉన్న ఉత్తరాలను, జ్ఞాపకాలను జోడించి రాసిన మొదటి సంపుటి 1975లో వెలువడింది.

కథ సంగ్రహంగా

కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో జన్మించారు. తండ్రి జిడ్డు నారాయణయ్య రెవెన్యూ శాఖ ఉద్యోగి. తల్లి సంజీవమ్మ 1905లో మరణించారు. పదవీ విరమణ తరువాత నారాయణయ్య 1909లో పిల్లలతో అడయార్ చేరారు. అక్కడ లెడ్‌బీటర్ ఈ బాలుణ్ణి చూసి, రాబోయే జగద్గురువుకు ఇతడే వాహకం అవుతాడని ప్రకటించాడు. 1910లో నారాయణయ్య తన ఇద్దరు కొడుకుల సంరక్షణను అనీబిసెంట్‌కు అప్పగించారు. తరువాత మనసు మార్చుకొని, 1912లో దావా వేశారు. 1913లో తీర్పు తండ్రికి అనుకూలంగా వచ్చింది. 1914లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పును రద్దు చేసింది. ఏ పదవి కోసం తనను పెంచారో ఆ పదవిని కృష్ణమూర్తే 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఒమెన్‌లో తిరస్కరించి, తన పేరిట నడుస్తున్న సంఘాన్ని రద్దు చేశారు.

మూడు రకాల కాగితాలు

ఈ కథకు ఆధారమైన కాగితాలను ఒక్కొక్కటిగా చూడండి.

మొదటివి లెడ్‌బీటర్ ఉత్తరాలు. 1909లో అనీబిసెంట్ విదేశాల్లో ఉన్నప్పుడు ఆయన ఆమెకు రాసినవి. సంఘటన జరిగిన రోజుల్లోనే రాసినవి కనుక తేదీల విషయంలో ఎంతో విలువైనవి. కాని ఆ బాలుడి గొప్పతనాన్ని ఆమెతో ఒప్పించడం రాసినవాడి ఉద్దేశం. పూర్వజన్మల గురించి ఆయన రాసినది ఆ బాలుడి చరిత్రకు ఆధారం కాదు, రాసినవాడి విశ్వాసానికి మాత్రమే ఆధారం.

రెండవవి కోర్టు కాగితాలు. సమాజ పత్రాగారంలో సమాజ పెద్దల గొంతు బలంగా వినిపిస్తుంది. తండ్రి గొంతు స్పష్టంగా వినిపించేది దావాలోనే. అయితే దావాలోని మాటలు గెలుపు కోసం రాసినవని మరువకండి. మరో చిన్న సంగతి: న్యాయ నివేదికల్లో ఆయన పేరు 'జి. నారాయణయ్య' అని ఉంటుంది. ఇంటిపేరు 'జిడ్డు' అని తెలిసిన తెలుగు విద్యార్థికి అది వేరే మనిషి పేరు కాదని వెంటనే అర్థమవుతుంది.

మూడవది 1913లో కృష్ణమూర్తి స్వయంగా రాసుకున్న స్వీయ చరిత్ర వ్యాసం. తల్లి జ్ఞాపకాలు ఇందులో ఉన్నాయి. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. సమాజ సంరక్షణలో, తండ్రి వ్యాజ్యం నడుస్తున్న కాలంలో రాసినది ఇది. తరువాతి జీవితంలో తన బాల్యం దాదాపుగా గుర్తు లేదని ఆయనే చెప్పేవారు. అందువల్ల ఈ వ్యాసం విలువ మరింత పెరిగింది.

ఈ మూడింటిలో ఏ ఒక్కటీ సంజీవమ్మ రాసినది కాదని గమనించారా? ఆమెను మనం భర్త, కొడుకు మాటల ద్వారానే తెలుసుకుంటున్నాం. ఆధారాల్లోని ఈ ఖాళీని గుర్తించడం కూడా చరిత్రకారుడి పనే.

తేదీ కూడా ప్రశ్నే

కృష్ణమూర్తి పుట్టినది అర్ధరాత్రి దాటాక అరగంటకు అని లుట్యెన్స్ రాశారు. ఇంగ్లీషు లెక్కలో అది మే 12. మన పంచాంగం లెక్కలో తెల్లవారేవరకు ముందురోజే కనుక మే 11. రెండు తేదీలు కనిపించినంత మాత్రాన ఒకటి అబద్ధమని తొందరపడకూడదు. ఏ లెక్క ప్రకారం రాశారో ముందు అడగాలి.

మీరు చేయదగిన పని

మీరు హుజూరాబాద్‌లో ఉన్నా, చుట్టుపక్కల ఏ పల్లెలో ఉన్నా, అక్కడ ఒక మఠమో, ఆశ్రమమో, భజన మండలో ఉండవచ్చు. దాన్ని స్థాపించిన వారి గురించి పెద్దలు చెప్పే మాటలు, పాత కరపత్రాలు, చందా రసీదులు, ఫొటోలు, భూమి కాగితాలు మీకు ఆధారాలే. శిష్యులను మాత్రమే కాక, ఇంటివారిని, విడిపోయినవారిని కూడా అడగండి. ప్రతి కాగితం నకలు తీసుకొని అసలును ఇంటివారికే తిరిగి ఇచ్చేయండి. ఎవరు ఇచ్చారు, ఏ రోజున, ఎక్కడ అన్నది నకలు వెనుక రాయండి. విన్నది వేరుగా, మీరు అనుకున్నది వేరుగా నమోదు చేయండి.

ముగింపు

శివరావు అనుకున్న పుస్తకం రాయలేకపోయారు. అయినా ఆయన శ్రమ వృథా కాలేదు, ఎందుకంటే ఆ కాగితాలు మరొకరు వాడుకోగలిగిన స్థితిలో ఉన్నాయి. మీ సేకరణ కూడా అలాగే ఉండాలి. మీరు పూర్తి చేయలేకపోయినా, మీ నోటు పుస్తకం తెరిచినవారు అక్కడి నుండి పని కొనసాగించగలగాలి.